వాక్యం విరిచి పెట్టేవాడు రొట్టె ఎందుకు విరవకూడదు?

ప్రశ్న (సంఘంలో వాక్యం చదివే ఒక సామాన్య విశ్వాసి)

నేను ఇంగ్లాండు సంఘం నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఒక చిన్న సంఘంలో బిషప్ గారి అనుమతిపత్రంతో సేవ చేస్తున్న, గురువుగా అభిషేకం (బిషప్ చేతులుంచి నియమించడం) పొందని లే రీడర్‌ని. ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన నడుపుతాను, పాఠాలు చదువుతాను, నెలలో రెండు మూడు ఆదివారాలు ప్రసంగిస్తాను. మా గురువుగారు నాలుగు సంఘాలను చూసుకోవలసి ఉన్నందువల్ల మాకు ప్రభురాత్రి భోజన సంస్కారం నెలకు ఒక్కసారే దొరుకుతుంది.

ఇటీవల ఆ ఒక్క ఆదివారం కూడా గురువుగారు అస్వస్థత వల్ల రాలేకపోయారు. ఆరాధనకు పావుగంట ముందు కబురు అందింది. అప్పటికే బల్ల మీద తెల్లని వస్త్రం పరిచి, రొట్టెను, ద్రాక్షారసాన్ని సిద్ధం చేసి ఉంచారు. వారమంతా తమ్మును తాము పరీక్షించుకొని వచ్చినవారు బెంచీల మీద కూర్చొని ఉన్నారు. నేను ఉదయ ప్రార్థన క్రమాన్నే నడిపి, పునరుత్థానుడైన క్రీస్తు ఇద్దరు శిష్యులతో నడిచిన ఎమ్మాయు దారిని గురించి ప్రసంగించి, ఆశీర్వచనం పలికే అధికారం నాకు లేదు కాబట్టి కృప ప్రార్థన చెప్పి అందరినీ ఇళ్లకు పంపేశాను. తరువాత ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, "నాయనా, వాక్యం విరిచి పెట్టడానికి పనికొచ్చినవాడివి రొట్టె విరవడానికి ఎందుకు పనికిరావు?" అని అడిగింది. ఆ రోజు బల్ల మీద ఉన్న రొట్టె ఆమె చేసి తెచ్చినదే. "అది నియమం అమ్మా" అన్నాను గాని, ఆ జవాబు నాకే చాలలేదు.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు బల్ల దగ్గరి అవ్యవస్థను గద్దించినప్పుడు సంఘమంతటినీ గద్దించాడు గాని, సంస్కారం జరిపించేవాడంటూ ఒకరిని పిలిచి మందలించలేదు. లేఖనంలో చదవలేనిదాన్నీ, లేఖనంతో రుజువు చేయలేనిదాన్నీ రక్షణకు అవసరమని ఎవరిమీదా మోపరాదని ఆంగ్లికన్ సంఘం తన బోధను క్లుప్తంగా చెప్పుకొన్న మన 39 విశ్వాస సూత్రాలలో 6వది చెబుతోంది. క్రీస్తు శరీరాన్ని పరలోక సంబంధమైన, ఆత్మీయమైన రీతిలోనే పుచ్చుకొంటామనీ, దానికి సాధనం విశ్వాసమేననీ 28వది చెబుతోంది. విశ్వాసమే సాధనమైతే మధ్యలో అభిషిక్తుడైన గురువు తప్పనిసరి ఎందుకయ్యాడు? నాకు అధికారం కావాలని ఈ మాట అడగడం లేదు. మా సంఘం ఆకలితో వెళ్లిపోయిన ఆ ఉదయాన్ని మరచిపోలేక అడుగుతున్నాను.

జవాబు (సేవ నుంచి విరమించిన ఒక గురువు)

మీరు "నియమం" అనే ఒక్క మాటతో తృప్తి పడకపోవడం నాకు సంతోషంగా ఉంది. బల్ల దగ్గర నిలబడి కృతజ్ఞతాస్తుతి చెల్లించవలసినది ఎవరో కొత్త నిబంధన ఎక్కడా నిర్దేశించలేదన్న సంగతిని ముందే ఒప్పుకోవాలి. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి" అన్న ఆజ్ఞ ఉంది గాని, ఆ ఆజ్ఞను ఎవరి చేతుల మీదుగా నెరవేర్చాలన్న వివరం లేదు. రెండవ శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాసిన లేఖలో, బిషప్ గాని, బిషప్ అప్పగించినవాడు గాని జరిపించే సంస్కారాన్నే నమ్మదగినదిగా ఎంచమన్నాడు. దిదాఖే అనే ప్రాచీన గ్రంథంలోనైతే ప్రవక్తలను వారికి ఇష్టమైనంతసేపు కృతజ్ఞతాస్తుతి చెల్లించనివ్వమన్న సూచన కనిపిస్తుంది. కాబట్టి ఇది లేఖనంలో స్పష్టంగా ఉందని ఆ పెద్దావిడకు చెప్పలేము, చెప్పకూడదు కూడా.

అయితే 6వ సూత్రాన్ని 20వ సూత్రంతో కలిపి చదవాలి. ఆచారాలను, క్రమాలను నిర్ణయించే అధికారం సంఘానికి ఉందని 20వ సూత్రం చెబుతూనే, వాక్యానికి విరుద్ధమైనది ఏదీ నియమించకూడదనీ, ఒక లేఖన భాగాన్ని మరొకదానితో పొసగని విధంగా వివరించకూడదనీ సంఘానికి హద్దు గీసింది. లేఖనం ఆజ్ఞాపించనిది సంఘ క్రమంలో ఉండనే కూడదని ఇంగ్లాండు సంఘాన్ని ఇంకా సంస్కరించాలన్న ప్యూరిటన్లు వాదించిన రోజుల్లో ఆంగ్లికన్ వేదాంతి రిచర్డ్ హూకర్ ఈ తేడా కోసమే పెద్ద గ్రంథం రాశాడు. దానిలో మొదటి నాలుగు భాగాలు 1593లో, ఐదవది 1597లో వెలువడ్డాయి. రక్షణకు కావలసినదంతా లేఖనంలో ఉందని అతడు గట్టిగా నమ్మాడు. సంఘ నిర్వహణలోని ప్రతి చిన్న ఏర్పాటుకూ వచనం చూపమని అడగడం మాత్రం, లేఖనం మోస్తానని చెప్పని బరువును దాని మీద పెట్టడమని అతని అభిప్రాయం. కాబట్టి ఈ ఏర్పాటు లేఖనంలో ఉందా అని అడగడంతో ఆగకుండా, లేఖనం చెప్పిన బల్లకు ఇది సేవ చేస్తోందా లేదా అని కూడా అడగాలి.

నా మనసులో ఈ ప్రశ్నకు దారి చూపించినది మన తెలుగు బైబిలే. 1 కొరింథీయులకు 10వ అధ్యాయంలో, పాత్రలోనిది త్రాగడం క్రీస్తు రక్తంలో "పాలుపుచ్చుకొనుట" అని ఉంది. పాలు అంటే వాటా. వాటా అన్నప్పుడు తక్కిన వాటాదారులు కూడా ఉన్నారని అర్థం, వారిలో చాలామందిని మనం ఎన్నడూ చూడము. మన బల్ల మన సంఘానిది మాత్రమే కాదు. మనం ఎన్నుకొని నిలబెట్టుకొన్నవాడు కాక, విశాల సంఘం తరఫున బిషప్ చేతులుంచి పంపినవాడు ఆ బల్ల దగ్గర నిలబడినప్పుడు, ఆ సంగతి మాటల్లో చెప్పనవసరం లేకుండానే కనబడుతుంది. తగిన విధంగా పిలవబడి పంపబడనివాడు ఈ సేవను చేపట్టకూడదని 23వ సూత్రం చెప్పినదానిలో నాకు వినిపించే అర్థం ఇదే. గురువులో ఏదో ప్రత్యేక శక్తి ఉందని దాని భావం కాదు. పరిచారకుడు అయోగ్యుడైనా సంస్కార ఫలం తగ్గదని 26వ సూత్రం స్పష్టం చేసింది. మరొక సంగతి. ఇంగ్లీషులో ప్రీస్ట్ అనే మాట పెద్ద అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టినా, బలులర్పించే యాజకునికి కూడా వారు అదే మాట వాడడంతో చాలా గందరగోళం ఏర్పడింది. మన బైబిలు పెద్దలను పెద్దలనీ, యాజకులను యాజకులనీ వేరుగానే పిలుస్తుంది. బల్ల దగ్గర నిలబడేది సంఘ పెద్ద. యాజకత్వం క్రీస్తుది, ఆయనలో సంఘమంతటిదీ.

ఆకలి సంగతికి వస్తాను. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మకావులోని ఆంగ్లికన్ సంఘానికి గురువులు చేరుకోలేని పరిస్థితి ఏర్పడింది. అక్కడ ఫ్లారెన్స్ లీ టిమ్-ఓయ్ అనే స్త్రీ, గురువు కంటే కింది స్థాయి పరిచారకురాలైన డీకన్‌గా సేవ చేస్తోంది. డీకన్‌గానే సంస్కారం జరిపించడానికి ఆమెకు మొదట తాత్కాలిక అనుమతి ఇచ్చారు. కొంతకాలానికి హాంకాంగ్ బిషప్ ఆర్. ఓ. హాల్ ఆ ఏర్పాటు సరికాదని భావించి, 1944 జనవరి 25న ఆమెను గురువుగా అభిషేకించారు. అంతవరకు ఆంగ్లికన్ సంఘాలలో ఏ స్త్రీకీ ఆ అభిషేకం జరగలేదు. యుద్ధం ముగిశాక వచ్చిన విమర్శల వల్ల 1946లో ఆమె తన అనుమతిపత్రాన్ని తిరిగి ఇచ్చేసింది గాని, పొందిన అభిషేకాన్ని వదులుకోలేదు. 1971లో హాంకాంగ్ సంఘం ఆమె గురుత్వాన్ని గుర్తించింది. ఇక్కడ నేను గమనించేది ఒక్కటి. ఆకలితో ఉన్న సంఘాన్ని చూసిన ఆ బిషప్, అభిషేకం లేకపోయినా ఫరవాలేదని అనలేదు. ఎవరికి అభిషేకం కావాలో వారికే ఇచ్చాడు.

జవాబు (మరొక సభ్యుడు)

గురువుగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పరిశుద్ధ వాక్యం ప్రకటించబడే చోట, సంస్కారాలు క్రీస్తు నియమించిన ప్రకారం జరిగే చోట దృశ్య సంఘం ఉంటుందని 19వ సూత్రం ఆ రెంటినీ పక్కపక్కనే నిలిపింది. ప్రసంగంలో లే రీడర్ తన సొంత మాటలు మాట్లాడతాడు, అందులో పొరపాటు దొర్లితే వినేవారి విశ్వాసమే దారి తప్పవచ్చు. సంస్కార క్రమంలోనైతే ప్రార్థన గ్రంథంలో ఉన్న మాటలను చదవడమే గాని సొంతంగా కల్పించవలసిన మాట ఒక్కటీ లేదు. ఎక్కువ ప్రమాదమున్న పనిని అప్పగించి, తక్కువ ప్రమాదమున్న పని దగ్గర చేయి పట్టుకొని ఆపడంలో ఉన్న తర్కం నాకు బోధపడదు. వాక్యం కంటే బల్ల పవిత్రమైనదన్న భావనను మనకు తెలియకుండానే ప్రజలకు నేర్పుతున్నామేమోనని నా భయం.

ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథాన్ని కూర్చిన సంస్కర్త క్రాన్మర్ ఈ భయాన్ని ఎరిగినవాడే. 1549 ప్రార్థన గ్రంథంలో రొట్టె ఇచ్చేటప్పుడు, నీ కొరకు ఇయ్యబడిన ప్రభువు శరీరం నీ దేహాన్నీ ఆత్మనూ నిత్యజీవం వరకు కాపాడును గాక అనే భావంతో మాటలుండేవి. 1552లో ఆయన వాటిని తీసివేసి, క్రీస్తు నీ కొరకు చనిపోయాడని జ్ఞాపకం చేసికొని దీన్ని తిని, నీ హృదయంలో విశ్వాసం ద్వారా కృతజ్ఞతతో ఆయనను భుజించుమని రాశాడు. 1559లో ఆ రెంటినీ కలిపారు, 1662 గ్రంథం వాటిని అలాగే ఉంచింది. కలపడం మంచిదే. కానీ అంత దూరం వెళ్లిన సంస్కర్త, జరిపించేవాని సంగతిలో మాత్రం పాత అలవాటును కదపలేదు. గురువుగారు ఉదహరించిన హూకర్ కూడా క్రీస్తు సాన్నిధ్యాన్ని సంస్కార పదార్థంలో కాక, దాన్ని యోగ్యంగా పుచ్చుకొనేవానిలో వెదకాలని రాశాడు గదా.

బాప్తిస్మం సంగతి చూడండి. ప్రాణాపాయంలో సామాన్య విశ్వాసి ఇచ్చిన బాప్తిస్మాన్ని మన సంఘాలు చెల్లుబాటుగానే ఎంచుతాయి. రెండు సంస్కారాలలో ఒకదాని దగ్గర తెరిచిన తలుపును రెండోదాని దగ్గర ఎందుకు మూయాలి? ఆస్ట్రేలియాలోని సిడ్నీ డయోసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) సినడ్ (ప్రతినిధుల సభ) 1999లో సామాన్య విశ్వాసులు కూడా సంస్కారం జరిపించవచ్చని తీర్మానించినప్పుడు అప్పటి ఆర్చ్‌బిషప్ సమ్మతి ఇవ్వలేదు. కాబట్టి అది అమలుకు రాలేదు గాని, ఆ ప్రశ్నను వారు లేఖనాన్ని ప్రేమించినందువల్లే లేవనెత్తారు. ఇక లీ టిమ్-ఓయ్ ఉదాహరణ నా వాదానికే బలమిస్తుందనుకొంటున్నాను. ఆనాటి క్రమం ప్రకారం స్త్రీకి అభిషేకం లేదు. ప్రజల ఆకలి ముందు ఆ బిషప్ క్రమాన్నే పక్కన పెట్టవలసి వచ్చింది.

జవాబు (ఒక సభ్యురాలు)

నేను వేదాంతం చదువుకోలేదు. మా అమ్మకు గొంతులో వచ్చిన జబ్బు వల్ల చివరి నెలల్లో ఏదీ మింగుడు పడేది కాదు, రొట్టె ముక్క కూడా. ఆమె ఆదివారం అంటే ప్రాణం పెట్టే మనిషి. ఒకరోజు గురువుగారు వచ్చి 1662 ప్రార్థన గ్రంథంలో రోగులకు సంస్కారమిచ్చే క్రమం చివర ఉన్న సూచనను చదివి వినిపించారు. తీవ్రమైన జబ్బు వల్లనో, గురువుకు సకాలంలో కబురు అందనందువల్లనో, కలిసి పుచ్చుకొనేవారు లేనందువల్లనో, మరే న్యాయమైన ఆటంకం వల్లనో ఒక మనిషి సంస్కారం పొందలేకపోతే, అతడు నిజంగా పశ్చాత్తాపపడి, క్రీస్తు తన కొరకు సిలువ మీద మరణం పొందాడని స్థిరంగా నమ్మి, కృతజ్ఞతతో ఆయనను స్మరించినట్లయితే, నోటితో పుచ్చుకొనకపోయినా తన ఆత్మకు మేలు కలిగేలా క్రీస్తు శరీర రక్తాలను భుజిస్తున్నాడని అందులో ఉంది. అమ్మ కళ్లు మూసుకొని వింది. ఇంకొకసారి చదవమని చేత్తో సైగ చేసింది.

ప్రశ్న అడిగిన సోదరునికి ఈ సంగతి చెప్పాలనిపించింది, ఎందుకంటే కబురు ఆలస్యమవడం కూడా ఆ జాబితాలో ఉంది. మీ సంఘం ఆ ఉదయం ఖాళీ చేతులతో వెళ్లి ఉండవచ్చు గాని, ఖాళీగా వెళ్లలేదు. ఆ సూచనను మీరు వారికి చదివి వినిపించి ఉంటే బాగుండేది.

కానీ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ మాటలు మా అమ్మకు ఓదార్పు ఇచ్చాయి గాని, ఆమె కోరికను తీర్చేయలేదు. ప్రతి ఆదివారం నేను గుడి నుంచి వచ్చాక ఏ పాఠం చదివారు, బల్లకు ఎవరెవరు వచ్చారు అని కాగితం మీద రాసి అడిగేది. ఆ సూచన న్యాయమైన ఆటంకం ఉన్నవారి కోసం రాసినది. ఒక సంఘానికి ఏళ్ల తరబడి గురువును ఇవ్వకుండా, మనసులోనే భుజించండని చెప్పడానికి దాన్ని వాడుకొంటే అది అన్యాయం. పరిచర్య అనే మాటకు తెలుగు ఇళ్లలో మంచాన పడినవారి పక్కన కూర్చొని చేసే సేవ అనే అర్థమే మొదట స్ఫురిస్తుంది. సంఘంలో మనం పరిచర్య అని పిలిచేది కూడా అలా ఎదుటివారి ఆకలి దగ్గరే మొదలవ్వాలని నాకు అనిపిస్తుంది.

జవాబు (విశ్రాంత గురువు, రెండవసారి)

సోదరి రాసిన చివరి మాటలు నన్ను కదిలించాయి. ఆ హెచ్చరికను పూర్తిగా అంగీకరిస్తున్నాను. బాప్తిస్మాన్ని గురించి అడిగిన సోదరునికి ఆమె చూపిన సూచనలోనే నా జవాబు కూడా ఉంది. బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే పొందేది, మరణం గుమ్మంలో నిలబడిన శిశువు విషయంలో రేపటి కోసం ఆగడం కుదరదు. ప్రభురాత్రి భోజన సంస్కారం విషయంలో ఆగవలసి వచ్చినవారి చేయి క్రీస్తు వదలడని మన ప్రార్థన గ్రంథమే హామీ ఇస్తోంది. అందుకే ఇక్కడ క్రమాన్ని పాటిస్తూ ఎదురుచూడడం మనకు సాధ్యమవుతోంది.

అయితే క్రమం ఇనుప సంకెల కాదన్న మాటలో నిజం ఉంది. తప్పించుకోలేని అవసరంలో బిషప్ లేకుండా జరిగిన అభిషేకాన్ని కూడా అంగీకరించడానికి తగిన కారణాలు ఉండవచ్చని హూకర్ తన గ్రంథం ఏడవ భాగంలో రాశాడు. ఆ భాగం అతడు పోయిన చాలా ఏళ్లకు, 1662లో అచ్చయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, ఆంగ్లికన్లతో కలిసిన, బిషప్ చేత అభిషేకం పొందని మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల పరిచారకులకు మళ్లీ అభిషేకం చేయకుండానే వారి సేవను అంగీకరించి, అప్పటినుంచి జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలని నిర్ణయించారు. దాన్ని చూసి ఆంగ్లికన్ లోకంలో కొందరు చాలా కలవరపడ్డారు. నాకైతే అది సంఘ ఐక్యతను ముందు పెట్టి, క్రమాన్ని దాని వెంట నడిపించిన మంచి ఉదాహరణగా తోస్తుంది.

ప్రసంగానికి, బల్లకు మధ్య తేడా ఎందుకన్న ప్రశ్న నిజంగా బరువైనదే. 1550 అభిషేక క్రమంలో బిషప్ కొత్త గురువు ఒక చేతిలో బైబిలును, మరొక చేతిలో రొట్టెతో పాటు పాత్రను ఉంచేవాడు. 1552లో బైబిలు మాత్రమే మిగిలింది. అయినా దాన్ని అందిస్తూ పలికే మాటలో, వాక్యాన్ని ప్రకటించడానికీ సంస్కారాలను జరిపించడానికీ అధికారం తీసికొనుమని రెండూ కలిసే ఉన్నాయి. కాబట్టి ఆ రెంటినీ విడదీసినది నిజానికి మన సౌకర్యమే. ఒకరికి ఏళ్ల తరబడి ప్రసంగించే బాధ్యతను అప్పగించి, ఆ సంఘపు ఆత్మల భారాన్ని అతని మీద ఉంచి, బల్ల దగ్గర మాత్రం నీవు పంపబడినవాడివి కావని చెప్పడం సరికాదు. అతనిలో సంఘం పిలుపును గుర్తించినట్లయితే అతన్ని అభిషేకించాలి. చైనాలో మిషనరీగా పనిచేసిన ఆంగ్లికన్ గురువు రోలండ్ అలెన్ తన జీవితమంతా ఈ మాటే చెప్పాడు. జీతమిచ్చి పోషించగల గురువు దొరకలేదన్న కారణంతో సంఘాలను సంస్కారానికి దూరంగా ఉంచడం పౌలు పద్ధతి కాదనీ, అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో పౌలు బర్నబాలు ప్రతి సంఘంలోనూ అక్కడివారినే పెద్దలుగా ఏర్పరచారనీ అతడు పదే పదే గుర్తుచేశాడు. తమ జీవనోపాధిని తామే చూసుకొంటూ గురువులుగా సేవచేసేవారు ఇప్పుడు అనేక ఆంగ్లికన్ సంఘాలలో ఉన్నారు. మీ సంఘం బిషప్ గారిని అడగవలసినది లే రీడర్‌కు బల్ల అనుమతి కాదు. మీ మధ్యనే ఉన్న ఒకరికి, అది మీరే కానవసరం లేదు, శిక్షణ ఇచ్చి అభిషేకించమని అడగండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరి మాటలను రెండు రోజులు చదువుకొని, నిన్న సాయంకాలం ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ముందు ఆ సూచనను చదివి వినిపించి, ఆ ఆదివారమే చదవనందుకు క్షమించమని అడిగాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఆ రోజు ప్రభువు మనల్ని ఆకలితో పంపలేదన్నమాట" అంది. తరువాత గురువుగారు పాలు, వాటా గురించి రాసినదాన్ని నాకు అర్థమైనంతలో చెప్పాను. మన బల్ల దగ్గర నిలబడేవాణ్ని మనమే నిర్ణయించుకొంటే, మనం ఎన్నడూ చూడని వాటాదారులతో మనకున్న సంబంధం ఎలా తెలుస్తుందన్న మాట ఆమెకు నచ్చింది. వాక్యానికి, బల్లకు మధ్య తేడా ఎందుకన్న దగ్గర మాత్రం ఆమె తలాడించలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా అక్కడ విభేదించిన సోదరుని వైపే కొంత మొగ్గుతున్నాను, అయినా ఆ తేడాను నా అంతట నేను చెరపడం కంటే సంఘమంతా కలిసి బిషప్ గారి ముందు ఉంచడమే సరైనదని అనుకొంటున్నాను.

వచ్చే ఆదివారం గురువుగారు వస్తున్నారు, రొట్టె మళ్లీ ఆ పెద్దావిడే చేస్తానంది. ఆరాధన తరువాత సంఘ సభలో ఈ విన్నపాన్ని చర్చించి, అంగీకారమైతే సంతకాలు తీసికొని పంపుతాము. ఎవరి పేరూ ప్రతిపాదించకుండా, మా మధ్య నుంచి ఒకరిని పరీక్షించి ఎన్నుకోమని మాత్రమే రాయాలని నా ఆలోచన. ఇలాంటి విన్నపం పంపిన సంఘాలవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, దాన్ని ఎలా రాశారో, అభ్యర్థిని గుర్తించే పనిని బిషప్ గారికి వదిలారో లేక సంఘమే మొదలుపెట్టిందో దయచేసి తెలియజేయండి.